ముద్రణయంత్రములందలి నిక్షిప్తాక్షరములు – తెలుగు లిపి

పుటను బొమ్మగా పంపుటకును, అక్షరసంకేతములుగా పంపుటకును గల భేదము బృహన్ముద్రణమున స్పష్టమగును. అంగుళమునకు 300 చుక్కల చొప్పున ఏ4 పుటను చిత్రముగా మార్చినచో, కుదింపని యెడల, రమారమి 10.9 లక్షల బైట్లగును. అదే పుట రెండువేల సంకేతములైనచో రెండువేల బైట్లే. సెకనుకు 960 బైట్లు సాగు తీగమార్గమున మొదటిదానికి పందొమ్మిది నిమిషములు పట్టగా, రెండవదానికి రెండు సెకనులు చాలును. అక్షరరూపములు యంత్రమునందే నిక్షిప్తములై యుండుటవలని లాభమిది.

ఈ లాభము తెలుగునకు పుట్టుకతో రాలేదు. 1985లో వెలువడిన ఆపిల్ లేజర్‌రైటరునందు టైమ్స్, హెల్వెటికా, కొరియర్, సింబల్ అను నాలుగు కుటుంబముల ఫాంటులు పదమూడు గలవు. వానిలో తెలుగు లేదు. రోమను లిపికి నూరులోపు రూపములు సరిపోవును. తెలుగునకట్లు కాదు. అనకాపల్లి జిల్లాలోని ‘బుచ్చయ్యపేట’ అను పేరునే చూడుడు. చదువరికి అయిదక్షరములు, యూనికోడున పదునొకండు సంకేతములు, తలకట్టులను వేరుగా లెక్కింపక గుణింతములను, ఒత్తులను విడదీసినచో తొమ్మిది ఖండములు. సీసపు టైపుల కాలమున కంపోజిటరు ఒత్తులను వేరు గడులనుండి ఏరి కూర్చినట్లే, 256 గడుల ఫాంటులందును ఈ ఖండములే అమర్పబడినవి.

కావున ఆ మండలపు ఓటర్ల జాబితావంటి వేలపుటల పనియందు తెలుగు ఫాంటును పని మొదట ఒక్కమారు యంత్రపు స్మృతిలోనికి దింపి, చివరివరకు నిలుపుట మేలు. ప్రతిపుటతోడను మరల పంపుట వృథాశ్రమ. ఒకే పుటకు నూరు ప్రతులు వలసినచో పుటను ఒక్కమారే పంపి, ప్రతుల సంఖ్యను యంత్రమునకు తెలుపవలెను. స్మృతి చాలునో లేదో ముందే చూడవలెను. విద్యుత్తు పోయినచో, స్థిరకోశమున లేని ఫాంటు మరల దింపవలసినదే.

ఇందొక ప్రమాదము గలదు. ఆలస్యముకంటె నిదియే ఘోరము. పాత ఫాంటులందు తెలుగు ఖండములు రోమను అక్షరముల సంకేతస్థానములనే ఆక్రమించుకొన్నవి. తెలుగు ఫాంటు దొరకనిచో కొన్ని యంత్రములు ఆగక, తమలోని కొరియరును వాడి ముద్రించుచుండును. అప్పుడు ఓటరు పేరునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరముల వరుస వెలువడును. వేగము మాత్రము నిర్దోషము! అందుచే మొదటి పుటను ముద్రించి, జంటఒత్తులుగల పేర్లను కంటితో చదివినపిమ్మటనే మిగిలినవానిని పంపవలెను.