ఎత్తు తగ్గించిన హ్యాచ్‌బ్యాక్: మలుపులో వెనుక భాగం జారడం

ప్రశ్న: స్ప్రింగులు మార్చి ఎత్తు తగ్గించిన చిన్న హ్యాచ్‌బ్యాక్ మలుపులో యాక్సిలరేటర్ వదలగానే వెనుక భాగం బయటికి జారుతోంది. కారణాన్ని ఎలా గుర్తించాలి?

జవాబు: వెనుక టైర్లు ముందు టైర్ల కంటే ముందుగా పట్టు కోల్పోయి, కారు డ్రైవరు కోరినదానికన్నా ఎక్కువగా తిరగడాన్ని ఓవర్‌స్టీర్ అంటారు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు బరువు ముందుకు మళ్లి వెనుక చక్రాలు తేలికపడతాయి గనుక, అప్పటికే ఉన్న లోపం ఆ క్షణంలోనే బయటపడుతుంది.

మొదట టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి పీడనాన్ని, నాలుగింటి అరుగుదలను పోల్చి చూడాలి. అరిగిన జతను వెనుక ఉంచకూడదు. తరువాత బంప్ స్టాప్‌ను, అంటే సస్పెన్షన్ పూర్తిగా అణగకుండా ఆపే రబ్బరు దిమ్మను పరీక్షించాలి. ఎత్తు తగ్గించిన కారులో మలుపు మధ్యలోనే సస్పెన్షన్ దానికి తగిలితే వెనుక భాగం ఒక్కసారిగా బిగుసుకుని, బయటి టైరుపై భారం హఠాత్తుగా పెరిగి పట్టు తెగుతుంది. షాక్ అబ్జార్బర్ కడ్డీకి ప్లాస్టిక్ టై కట్టి నెమ్మదిగా నడిపితే, అది జరిగిన దూరం ఈ సంగతిని తేలుస్తుంది.

చివరగా అలైన్‌మెంట్‌లో వెనుక చక్రాల ముందంచులు బయటికి తెరుచుకున్నాయేమో కొలిపించాలి. రెండు చక్రాలనూ కలిపే టార్షన్ బీమ్ ఉన్న కార్లలో ఈ కోణాన్ని సరిదిద్దే ఏర్పాటు సాధారణంగా ఉండదు కాబట్టి, తేడా కనిపిస్తే బీమ్ వంగిందనో బుష్‌లు అరిగాయనో అనుమానించాలి. కోసిన స్ప్రింగులుంటే తీసివేసి, సరైన స్ప్రింగులూ వాటికి తగిన షాక్ అబ్జార్బర్లూ అమర్చేవరకు కారును వేగంగా నడపకపోవడమే ప్రాణరక్షణ.