దిగే దారి

పాఠ్యాంశ ఉద్దేశం

నగరాలు విస్తరించే కొద్దీ మేడలు ఎత్తుకు ఎదుగుతున్నాయి. నివాసం, విద్య, వైద్యం, వ్యాపారం అన్నీ నేలను విడిచి పై అంతస్తులకు చేరాయి. అక్కడ నిప్పు రేగినప్పుడు మనుషులను కిందికి చేర్చడానికి మానవుడు రూపొందించిన యాంత్రిక సాధనాల చరిత్రను, పనితీరును, పరిమితులను తెలియజేయడం, భద్రత విషయంలో పౌరుల బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి గమనించండి. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు బిగించుకొన్న తరువాతనే అతడు నేల విడుస్తాడు. ఆ మోకు పైకి వెళ్లడానికి ఎంత అవసరమో, క్షేమంగా కిందికి రావడానికి అంతకంటే ఎక్కువ అవసరం. ఎక్కకముందే దిగడం గురించి ఆలోచించడం అతని వృత్తి నేర్పిన వివేకం. మేడలు కట్టిన నాగరికత మాత్రం ఈ వివేకాన్ని చాలా ఆలస్యంగా, ఎన్నో ప్రాణాలను మూల్యంగా చెల్లించి నేర్చుకొంది.

పైకి తీసుకొనిపోయే యంత్రం ముందు వచ్చింది. 1854లో న్యూయార్క్ వస్తుప్రదర్శనశాలలో ఎలీషా ఓటిస్ అనే యంత్ర నిర్మాత ఒక వేదికను తాడుతో పైకి లాగించి, తాను దానిపై నిలబడి, అందరూ చూస్తుండగా ఆ తాడును తెగవేయించాడు. వేదిక కూలిపోలేదు. పక్కనున్న పళ్లచట్రాన్ని పట్టుకొని ఆగిపోయింది. 1857లో ఆ నగరంలోనే ఒక అయిదంతస్తుల దుకాణంలో ప్రయాణికుల లిఫ్టు పనిచేయడం మొదలైంది. మెట్లెక్కే శ్రమ తొలగిపోవడంతో భవనాలకు ఎత్తు అడ్డంకి కాకుండా పోయింది. అయితే ఆపద వేళ అంత ఎత్తునుంచి దిగడం ఎలా అన్న ప్రశ్న మిగిలిపోయింది.

ఆ ప్రశ్నకు సమాధానం వెతికినవారు లేకపోలేదు. లండన్ నగరంలో 1836లో అగ్నిప్రమాదాల నుంచి ప్రాణాలను కాపాడే ఉద్దేశంతో ఒక సంఘం ఏర్పడింది. అబ్రహాం వైవెల్ అనే చిత్రకారుడు ఆ సంఘం కోసం చక్రాలపై నడిచే పొడవైన నిచ్చెనను రూపొందించాడు. దాని అడుగున కాన్వాసు గుడ్డతో చేసిన జారుడు తొట్టి ఉండేది. దిగలేని వృద్ధులను, పిల్లలను అందులోంచి కిందికి జార్చేవారు. రాత్రివేళ వీధుల్లో ఈ నిచ్చెనలను, వాటికి కావలిగా ఒక్కొక్క మనిషిని నిలిపి ఉంచేవారు.

న్యూయార్క్‌లో 1860లో ఒక అద్దె ఇళ్ల మేడ తగలబడి, పై అంతస్తుల్లో చిక్కుకొన్న స్త్రీలు, పిల్లలు మరణించారు. అదే సంవత్సరం అటువంటి భవనాలకు రక్షణ మార్గాలు ఉండాలని చట్టం వచ్చింది. గోడల వెలుపల ఇనుప వసారాలు, వాటిని కలిపే ఇనుప మెట్లు వెలిశాయి. దొంగలు ఎక్కకుండా అట్టడుగు మెట్లవరుసను నేలకు తగలనీయకుండా, బరువుదిమ్మెతో సమతూకం చేసి, గాలిలో నిలిపేవారు. పైనుంచి మనిషి దానిపై కాలు మోపితే అతని బరువుకే అది నేలకు వాలేది. ఇది సులువైన యంత్రమే. కాని కీళ్లకు తుప్పు పడితే వాలదు. మేకులు వదులైతే నిలవదు.

మరికొందరి ఊహలు ఇంకా దూరం వెళ్లాయి. 1879లో ఒక అమెరికన్ తలకు గొడుగువంటి పరికరం, కాళ్లకు దళసరి అడుగుల బూట్లు తగిలించుకొని కిటికీలోంచి దూకవచ్చునని పేటెంటు పొందాడు. 1887లో ఆనా కానెలీ అనే మహిళ ఒక భవనం పైకప్పు నుంచి పక్క భవనం పైకప్పుకు చేర్చే ఇనుప వంతెనకు పేటెంటు సాధించింది. మంటలున్న మెట్లవైపు కాక పైకి వెళ్లి, పక్క భవనంలోకి దాటి, అక్కడినుంచి క్షేమంగా దిగవచ్చునన్నది ఆమె ఆలోచన. మొదటిదాన్ని చూసి నేడు నవ్వుకోవచ్చు గాని, రెండోదానిలో మనిషి భయాన్ని, శక్తిని ఎరిగిన వివేకం ఉంది.

ఇన్ని సాధనాలు ఉన్న కాలంలోనే ఒక ఘోరం జరిగింది. 1911 మార్చి 25, శనివారం. న్యూయార్క్‌లోని పదంతస్తుల భవనంలో పై మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారం ఉండేది. కుట్టుపని చేసేవారిలో ఎక్కువమంది విదేశాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన యువతులు. సాయంత్రం పని ముగిసే వేళకు ఎనిమిదో అంతస్తులో గుడ్డపీలికలకు నిప్పంటుకొంది. పదో అంతస్తుకు టెలిఫోనులో వార్త అందింది. తొమ్మిదో అంతస్తుకు అందలేదు. అక్కడివారికి మంటలే వార్తను తెచ్చాయి.

తొమ్మిదో అంతస్తులో ఒకవైపు మెట్లను మంటలు ఆక్రమించాయి. రెండోవైపు తలుపుకు తాళం వేసి ఉంది. మూడు మెట్లదారులు ఉండవలసిన ఆ భవనంలో రెండే కట్టి, వెనుకవైపున్న ఇనుప మెట్లను మూడోదారిగా లెక్కించారు. భయంతో పరుగెత్తిన వారి బరువుకు ఆ ఇరుకైన ఇనుప మెట్లు వంగి కూలిపోయాయి. అగ్నిమాపక దళం వేగంగానే వచ్చింది. కాని వారి నిచ్చెన ఆరో అంతస్తు వరకే అందింది. కింద పట్టిన వలలు పైనుంచి దూకిన వారి బరువుకు చిరిగిపోయాయి. మొత్తం 146 మంది మరణించారు. వారిలో పద్నాలుగేళ్ల బాలికలు కూడా ఉన్నారు. భవనం మాత్రం నిప్పుకు చెక్కుచెదరని కట్టడం. అది నేటికీ నిలిచి ఉంది.

ఆనాడు ఎక్కువమందిని బతికించింది ఎవరూ రక్షణ సాధనంగా భావించని యంత్రం. లిఫ్టు నడిపే జోసెఫ్ జీటో, అతని సహచరుడు పొగలోనే మళ్లీ మళ్లీ పైకి వెళ్లి, నూరుమందికి పైగా కిందికి చేర్చారు. యంత్రం ఆగిపోయే వరకు వారు ఆగలేదు. ఆ దృశ్యాన్ని వీధిలో నిలబడి చూసిన వారిలో ఫ్రాన్సిస్ పెర్కిన్స్ అనే యువతి ఉన్నారు. కార్మిక భద్రతా చట్టాల కోసం కృషి చేసిన ఆమె 1933లో అమెరికా కార్మిక శాఖ మంత్రి అయ్యారు. ఆ దేశ మంత్రివర్గంలో స్థానం పొందిన తొలి మహిళ ఆమెయే.

ఇనుప మెట్లపై నమ్మకం క్రమంగా సడలింది. 1968లో న్యూయార్క్ నగర భవన నియమావళి కొత్త భవనాలకు వాటిని దాదాపుగా నిషేధించి, పొగ చొరబడని మెట్లదారులను లోపలే కట్టాలని నిర్దేశించింది. మరోవైపు 1868లో శాన్‌ఫ్రాన్సిస్కో వాసి డేనియల్ హేస్ రూపొందించిన బండి నిచ్చెన అంచెలంచెలుగా ఎదిగి, నేటి హైడ్రాలిక్ నిచ్చెనగా మారింది. నేడు 100 మీటర్లకు మించి అందే నిచ్చెనలున్నాయి. కాని అంత భారీ వాహనం ఇరుకు సందులో దూరలేదు. వాహనాలు నిలిపిన ఆవరణలో కాళ్లు చాచుకొని నిలవలేదు.

భవనంలోనే ఉంచుకోదగిన సాధనాల్లో ముఖ్యమైనది తాడు ఆధారంగా మెల్లగా దించే పరికరం. దీని సూత్రం మనకు కొత్తది కాదు. ఒకే గిలకపై రెండు బొక్కెనలున్న బావిలో ఒకటి దిగుతుంటే రెండోది పైకి వస్తుంది. ఇక్కడ బొక్కెనలకు బదులు తాడు రెండు కొసలకూ చంకల కింద బిగించుకొనే పట్టీలు ఉంటాయి. ఒకరు నేలకు చేరేసరికి రెండో పట్టీ తరువాతివారి కోసం పైకి వచ్చి ఉంటుంది. గిలక వేగంగా తిరగబోతే లోపలి బ్రేకు దిమ్మెలు అపకేంద్ర బలం వల్ల వెలుపలికి జరిగి, చుట్టూ ఉన్న పెట్టెను ఒరుసుకొంటాయి. వేగం పెరిగే కొద్దీ ఒరిపిడీ పెరుగుతుంది. అందువల్ల బరువైనవాడైనా, తేలికైనవాడైనా అదుపులోనే దిగుతాడు. దీనికి విద్యుత్తు అక్కరలేదు.

ఇరవై మీటర్ల ఎత్తునుంచి పడిన మనిషి గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతాడు. జపాన్ ప్రమాణాల ప్రకారం ఈ పరికరం సెకనుకు 16 నుంచి 150 సెంటీమీటర్ల వేగంతోనే దించాలి. అరవై కిలోల మనిషి అంత ఎత్తునుంచి దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి దాదాపు 12,000 జౌళ్లు. అది ఒక లీటరు నీటిని మూడు డిగ్రీలైనా వేడి చేయలేదు. ఒక్కసారిగా విడుదలైతే ప్రాణం తీసే శక్తిని ఈ చిన్న బ్రేకు ఇరవై సెకన్లపాటు కొద్దికొద్దిగా వేడిగా మార్చి వదిలేస్తుంది.

అయినా దీనికి హద్దులున్నాయి. పట్టీ తగిలించుకోవడం, దిగడం, విప్పుకోవడం కలిపి మనిషికి ఒక నిమిషం అనుకొంటే అరవై మందికి గంట పడుతుంది. 1911 నాటి మంట అరగంటలోపే 146 మందిని బలిగొంది. కాబట్టి ఇది మెట్లకు ప్రత్యామ్నాయం కాదు. మెట్లు మూసుకొనిపోయినప్పుడు కొద్దిమందికి ఆఖరి ఆసరా. దక్షిణ కొరియాలో మూడు నుంచి పది అంతస్తుల మధ్య అనేక భవనాల్లో ఈ పరికరాన్ని అమర్చుతారు. జపాన్ నివాస భవనాల్లో వసారా నేలలో ఒక మూత ఉంటుంది. మూత తెరిస్తే కింది వసారాకు నిచ్చెన వాలుతుంది. కొన్ని భవనాల్లో పైనుంచి నేలవరకు వేలాడే గుడ్డ గొట్టాలుంటాయి. గొట్టం ఒంటిని పట్టి ఉంచడం వల్ల మనిషి నెమ్మదిగా జారుతాడు. నడవలేనివారికి ఇది మేలు.

అగ్నిప్రమాద సమయంలో లిఫ్టు వాడరాదన్న హెచ్చరికను మనం ప్రతి భవనంలోనూ చూస్తాం. అది సరైన హెచ్చరికే. కరెంటు పోతే లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది. లిఫ్టు గుంట పొగగొట్టంలా మారుతుంది. అయితే 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట శిఖరాల్లో మొదటిదానిపై విమానం ఢీకొన్న తరువాత, రెండోదానిపై దాడి జరగడానికి ముందున్న 16 నిమిషాల్లో ఆ శిఖరంలోని వేలమంది మెట్లపైనా, లిఫ్టుల్లోనూ దిగడం మొదలుపెట్టారు. అలా సుమారు 3,000 మంది బతికారని అధికారిక దర్యాప్తు తేల్చింది. దరిమిలా ప్రత్యేక విద్యుత్తు, పొగ చొరబడని గదులు కల రక్షణ లిఫ్టులకు 2009లో అంతర్జాతీయ భవన నియమావళి అనుమతినిచ్చింది. 2010లో ప్రారంభమైన దుబాయిలోని 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో ఇటువంటి ఏర్పాటు ఉంది. సాధారణ లిఫ్టుకు ఆ రక్షణలు లేవు గనుక హెచ్చరికను పాటించి తీరాలి.

ఇక మన సంగతి. 2019 మే 24న సూరత్‌లో ఒక వాణిజ్య భవనం పై భాగంలో నడిచే శిక్షణ కేంద్రంలో 22 మంది విద్యార్థులు మరణించారు. దారి లేక కొందరు పైనుంచి దూకారు. వారంతా ఇంచుమించు మీ ఈడువారే. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబరు 12న కింద విద్యుత్ వాహనాల దుకాణంలో పుట్టిన పొగ పైనున్న వసతి గృహాన్ని కమ్మివేసి 8 మందిని బలిగొంది. ఆరు నెలలు తిరిగిన కొద్ది రోజులకే, 2023 మార్చి 16న అదే ఊళ్లో మరో వాణిజ్య సముదాయంలో 6 మంది ఊపిరాడక మరణించారు. మంట చేరకముందే పొగ ప్రాణం తీస్తుందని ఈ రెండు సంఘటనలూ చాటుతున్నాయి.

మన జాతీయ భవన నిర్మాణ స్మృతి 15 మీటర్లు, అంతకుమించిన ఎత్తు గల భవనాలకు ప్రత్యేక రక్షణ ఏర్పాట్లు విధించింది. నిష్క్రమణ ద్వారాలను లోపలివారు తాళంచెవి లేకుండా తెరవగలగాలని చెప్పింది. నియమం కాగితంపై ఉంది. మెట్లపై అట్టపెట్టెలు, పైకప్పు తలుపుకు తాళం, మెట్లదారిలో నిలిపిన మోటారు సైకిలు మన కళ్లెదుట ఉన్నాయి. 1911 నాటి తాళం కప్ప ఇంకా తెరుచుకోలేదు.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వబూనడం వ్యర్థమని మన పెద్దలు సామెతగా చెప్పారు. గోడకు తగిలించిన ఏ పరికరమైనా ముందుగా ఒకసారి వాడి చూసినవారికే ఆపదలో అక్కరకు వస్తుంది. మీరు చదివే కళాశాలలో, ఉండే వసతి గృహంలో రెండో మెట్లదారి ఎక్కడ ఉందో చూడండి. దాని తలుపు తీసి చూడండి. తెరుచుకోకపోతే పెద్దలను అడగండి. అలా అడగడం అవిధేయత కాదు. మోకు బిగిసిందో లేదో చూసుకొని చెట్టెక్కే గీత కార్మికుని వివేకం అది.

పదాలు – అర్థాలు

మోకు = చెట్టెక్కడానికి వాడే దళసరి తాడు
మూల్యం = వెల
వసారా = ఇంటి ముందు లేదా పక్కన ఉండే పంచ
దళసరి = మందమైన
గిలక = తాడు పోవడానికి గాడి ఉన్న చక్రం
అపకేంద్ర బలం = తిరిగే వస్తువును కేంద్రం నుంచి వెలుపలికి నెట్టే బలం
ఒరిపిడి = రాపిడి
నిష్క్రమణం = వెలుపలికి పోవడం
దరిమిలా = ఆ తరువాత
స్మృతి = నియమాల సంపుటి

అభ్యాసం

అ. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. 1911 నాటి న్యూయార్క్ అగ్నిప్రమాదంలో ప్రాణనష్టానికి గల కారణాలను వివరించండి.
2. తాడు ఆధారంగా దించే పరికరం పనితీరును, దాని పరిమితులను తెలపండి.

ఆ. సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ఆనా కానెలీ ఆలోచనలోని విశేషమేమిటి?
2. సాధారణ లిఫ్టును అగ్నిప్రమాద సమయంలో ఎందుకు వాడకూడదు?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "అక్కడివారికి మంటలే వార్తను తెచ్చాయి."
2. "1911 నాటి తాళం కప్ప ఇంకా తెరుచుకోలేదు."

ఈ. మీ కళాశాల భవనంలోని నిష్క్రమణ మార్గాలను పరిశీలించి, గమనించిన లోపాలను తెలుపుతూ ప్రిన్సిపాలుకు లేఖ రాయండి.