గోదావరి డెల్టా కార్పు హేచరీలలో నీటి ఉష్ణోగ్రత – గుడ్ల పొదుగుదల

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు చెరువు నీటిలో పెరుగుతాయి గాని సహజంగా గుడ్లు పెట్టవు. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పీయూష గ్రంథి సారంతో కార్పు చేపలచే గుడ్లు పెట్టించారు. నేడు ఉభయ గోదావరి జిల్లాల హేచరీలలో హార్మోను సూదిమందుతో వేసవిలోనే విత్తనోత్పత్తి ఆరంభమవుతున్నది. కనుక వరద నీరు సమకూర్చే అనుకూల ఉష్ణోగ్రతను నిర్వాహకుడే కల్పించవలసి ఉన్నది.

గుడ్లు పొదగడానికి 26–30 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. 28 డిగ్రీల వద్ద సుమారు 14–18 గంటలలో పిల్లలు వెలువడతాయి. అంతకన్న చల్లని నీటిలో పిండాభివృద్ధి మందగించి గుడ్లకు బూజు సోకే అవకాశం పెరుగుతుంది. 32 డిగ్రీలు దాటితే గుడ్డు పొర ముందుగానే చిట్లి, వెన్ను వంకర పిల్లలు అధికమవుతాయి. కాబట్టి త్వరగా పొదగడం విజయానికి గుర్తు కాదు. మంచినీటిలో కరగగల ప్రాణవాయువు 25 డిగ్రీల వద్ద లీటరుకు 8.3 మి.గ్రా.; 35 డిగ్రీల వద్ద 6.9 మి.గ్రా. మాత్రమే. పిండపు శ్వాసావసరమో వేడితోపాటు హెచ్చుతుంది.

సాయంత్రం సూదిమందు పొందిన తల్లిచేపలు సాధారణంగా తెల్లవారుజామున గుడ్లు పెడతాయి. మే నెలలో ఆ పిండాలకు మధ్యాహ్నపు ఎండ తప్పదు. అందుచేత పొదుగు తొట్లకు నీడ ఏర్పరచి, అవసరమైతే బోరు నీటిని కలపాలి. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ గనుక దానిని జల్లుగా పడనిచ్చి వాడాలి. తీర మండలాలలో ఉప్పదనాన్ని ముందుగా పరీక్షించాలి.

వంకర పిల్లల వలన కలిగే నష్టం అమ్మకం నాడు కనబడదు. నర్సరీ చెరువులో రైతుపై పడుతుంది. ఆ కారణంగా హేచరీ రికార్డులో పొదిగిన శాతంతోపాటు గంటవారీ ఉష్ణోగ్రత, వంకర పిల్లల శాతం కూడా నమోదు కావాలి.