ఫీజు కట్టే ముందు ఒక్క మాట, చెల్లీ!

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో కాపురముంటూ పిల్లల్ని క్రిస్టియన్ స్కూల్లో వేద్దామా అని ఆలోచిస్తున్న చెల్లెళ్లూ, ఈ నెల ముచ్చట మీతోనే.

మంచి ఆలోచనే. మిషన్ స్కూళ్ల మీద మనకున్న నమ్మకం ఈనాటిది కాదు. గుంటూరులో, సికింద్రాబాద్‌లో ఎందరు తల్లులు ఆ బళ్లలో చదువుకుని పైకి రాలేదు! కానీ మన దగ్గర బడి ఏదైనా దానికి సర్కారు గుర్తింపు ఉండాలి, పదో తరగతి పరీక్ష బోర్డే పెడుతుంది. అమెరికాలో లెక్క వేరమ్మా. అక్కడి కేంద్ర విద్యాశాఖ స్కూళ్లకు అక్రెడిటేషన్, అంటే బడి ప్రమాణాలకు తగ్గట్టుందన్న గుర్తింపు, ఇవ్వదు. టెక్సస్ అయితే ప్రైవేటు బడికి రాష్ట్రం గుర్తింపు ఉండి తీరాలని కూడా అనదు.

బడి తనంతట తాను కోరి తెచ్చుకునేదే ఈ అక్రెడిటేషన్. ఇచ్చేవీ ప్రైవేటు సంస్థలే. కాగ్నియా అన్ని రకాల స్కూళ్లకూ ఇస్తుంది. 1978లో పుట్టిన ఏసీఎస్ఐ క్రైస్తవ స్కూళ్లకు ఇస్తుంది. ముందు బడి తన లోటుపాట్లు తానే రాసుకుని చూపాలి. ఆ తర్వాత వేరే బళ్ల టీచర్లు, ప్రిన్సిపాళ్లు వచ్చి క్లాసులు చూస్తారు, టీచర్ల చదువులు, జమాఖర్చులు అడుగుతారు. కొన్నేళ్లకోసారి ఇదంతా మళ్లీ మొదటి నుంచీ జరగాల్సిందే. అందుకే ఆ ముద్రంటే నాకు గౌరవం.

ఒక్క దగ్గర మాత్రం జాగ్రత్త. ‘మేం ఏసీఎస్ఐ మెంబర్లం’ అంటే అక్రెడిటేషన్ ఉన్నట్టు కాదు. చందా కట్టి సభ్యులు కావడం వేరు, తనిఖీకి నిలబడి నెగ్గడం వేరు.

ఐదో తరగతి లోపు పిల్లలైతే ముద్ర కన్నా టీచరమ్మను చూడండి. ముద్ర లేని చిన్న చర్చి స్కూళ్లలోనూ ప్రాణం పెట్టి చెప్పేవాళ్లున్నారు. తొమ్మిదో తరగతి నుంచి మాత్రం నేను రాజీపడను. మధ్యలో పబ్లిక్ స్కూలుకు మారితే, ముద్ర లేని బడిలో చదివిన సబ్జెక్టులకు మళ్లీ పరీక్ష రాయమనవచ్చు. పెద్దపిల్లలకు ఆ గండం ఎందుకు?

ముద్ర ఉన్నా కాలేజీ ప్రతి కోర్సునూ ఒప్పుకోవాలని లేదు. కాలిఫోర్నియాలో మురియెటా ఊళ్లోని ఒక క్రైస్తవ స్కూలు కోర్సులు కొన్నింటిని అడ్మిషన్‌కు లెక్కించబోమని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అంది. ఏసీఎస్ఐ, ఆ స్కూలు, కొందరు విద్యార్థులు 2005లో కోర్టుకెక్కారు. 2010లో అప్పీలు కోర్టు కూడా యూనివర్సిటీ పక్షానే నిలిచింది. అలాగని మతం పేరు చూసి తోసేశారనుకోకండి, ఆ స్కూలువే చాలా కోర్సుల్ని యూనివర్సిటీ ఒప్పుకుంది. పేచీ కొన్ని కోర్సుల్లోని పాఠాల దగ్గరే వచ్చింది.

2025లో టెక్సస్ తెచ్చిన చట్టంతో ప్రైవేటు స్కూలు ఫీజుకు రాష్ట్రం డబ్బిస్తోంది. ఆ డబ్బు తీసుకోవాలంటే స్కూలుకు అక్రెడిటేషన్ ఉండాలి. కాబట్టి ఈ మాట ఇక ప్రతి బడి బ్రోషర్‌లోనూ కనబడుతుంది. బ్రోషర్‌ను నమ్మి ఊరుకోకండి, చెల్లీ. ఎవరిచ్చారు, ఏ తరగతుల వరకు ఇచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. ఇచ్చిన సంస్థ జాబితాలో ఆ బడి పేరు మీ కళ్లతో చూసుకున్నాకే ఫీజు కట్టండి.