పాత సామాను ఆన్‌లైన్‌ అమ్మకం: వేలమా, నిర్ణీత ధరా?



సంఘానికి కొత్త బల్క్ కూలరు వచ్చిందంటే పాతది ఒక మూలకు చేరుతుంది. సొట్టలు పడ్డ క్యాన్లు, పనిచేయని జనరేటరు, పాత తూకం యంత్రం దాని పక్కన పోగవుతాయి. వెనుక వీటిని సంఘం ఆవరణలోనే వేలం వేసేవారు. ఇప్పుడు ఆన్‌లైన్‌ వేలాలు వచ్చాయి. 1964లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎం.ఎస్‌.టి.సి. తుక్కు, పాత యంత్రాల అమ్మకానికి ఇటువంటి వేలాలు నిర్వహిస్తున్నది.

అయితే ఏ పద్ధతిలో అమ్మాలో ముందుగా తేల్చుకోకపోతే సామాను చౌకగా పోతుంది. సంఘం సామాను సభ్యులందరి సొత్తు గనుక ఆ నష్టం కూడా సభ్యులందరిదీ. అందుచేత ఈ పాఠంలో ఆ ఎంపిక సంగతి చెప్పుకుందాం.

ధర ఎవరు నిర్ణయిస్తారు?

వేలంలో ధర నిర్ణయించేది గెలిచినవాడే అని మనం అనుకుంటాం. నిజానికి నిర్ణయించేది అతనికి పోటీగా నిలిచి ఓడినవాడు.

పాత కూలరుకు ముగ్గురు వచ్చారనుకుందాం. మొదటివాడు 60,000 రూపాయల దాకా, రెండవవాడు 52,000 దాకా, మూడవవాడు 40,000 దాకా పెట్టగలరు. పాట 40,000 దాటగానే మూడవవాడు తప్పుకుంటాడు. 52,000 దాటగానే రెండవవాడు మానుకుంటాడు. కూలరు మొదటివానికి 52,000కు కాస్త పైన దక్కుతుంది. అతని జేబులోని 60,000 మనకు రాదు.

రెండవవాడు ఆ రోజు రాకపోతే పాట 40,000 దగ్గరే ఆగుతుంది. మొదటివాడు ఒక్కడే వస్తే మనం పెట్టిన ప్రారంభ ధరకే సామాను పోతుంది. కనుక అమ్మే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: మన సరుకుకు గట్టి రెండో పాటదారు ఉన్నాడా?

మూడు పద్ధతులు

1. తక్కువ ధరతో మొదలయ్యే వేలం: తక్కువ ధర చూసి ఎక్కువమంది పాటకు దిగుతారు. కొనేవారు చాలామంది ఉన్నారని గట్టిగా తెలిసిన సరుకుకే ఇది తగినది. కొనేవారు తక్కువైతే ఇది ప్రమాదం.

2. కనీస ధర గల వేలం: మన ఊళ్లలో చెరువు చేపలకో, చింతచెట్ల ఫలసాయానికో పాట పెట్టేటప్పుడు 'సర్కారు వారి పాట' అని ముందుగా ఒక ధర పలుకుతారు. ఇదీ అటువంటిదే. ఆ ధరను పైకి చూపే వేలాలు ఉన్నాయి, దాచి ఉంచే వేలాలు ఉన్నాయి. పాట ఆ ధరకు చేరకపోతే అమ్మనక్కరలేదు. పాత కూలరుకు కనీస ధర కట్టడం ఎలా? దాన్ని తుక్కుగా తూకానికి అమ్మితే ఎంత వస్తుందో విచారించండి. అంతకు తగ్గవద్దు. అలాగని ఆశకొద్దీ మరీ పెంచితే ఎవరూ పాట మొదలుపెట్టరు.

3. నిర్ణీత ధర: ధర అందరికీ తెలిసిన సరుకుకు, ఒకే రకం వస్తువులు చాలా ఉన్నప్పుడు ఇది మేలు. నెయ్యి సీసాలకు ఎవరూ వేలం వేయరు కదా! 1995లో మొదలైన ఈబే సంస్థ తొలి రోజుల్లో వేలానికే పేరుపడ్డది. తరువాత అక్కడ నిర్ణీత ధర అమ్మకాలే హెచ్చు భాగమయ్యాయి. సరుకు వెల తెలిసినవాడు వేలం ముగిసేదాకా రోజుల తరబడి కాచుకోడు.

పాలపొడి వేలం

పాడి రంగంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. న్యూజిలాండ్‌ రైతుల సహకార సంస్థ ఫాంటెరా 2008లో గ్లోబల్‌ డెయిరీ ట్రేడ్‌ అనే ఆన్‌లైన్‌ వేలాన్ని ప్రారంభించింది. అక్కడ ముందుగా ఒక ధర ప్రకటిస్తారు. ఆ ధరకు ఎంత సరుకు కావాలో కొనుగోలుదారులు చెబుతారు. అడిగినది ఉన్న సరుకుకంటే ఎక్కువైతే తరువాతి విడతలో ధర పెంచుతారు. గిరాకీ సరుకుకు సరిపడేదాకా ఇలా విడతలు సాగుతాయి. పలు దేశాల నుంచి కొనేవారు పాల్గొంటారు గనుక ఈ పద్ధతి నడుస్తున్నది. ఇద్దరే వచ్చే చోట ఇదే పద్ధతి పెడితే ప్రయోజనం ఉండదు.

జాగ్రత్తలు

గేదెను కొనేవాడు పాలు పిండి చూసుకోనిదే బేరం తెగనివ్వడు. సామానుకూ అంతే. కంప్రెసరు పనిచేస్తున్నదో లేదో ఉన్నది ఉన్నట్టు రాయండి. చూసుకోవడానికి రెండు రోజులు గడువు ఇవ్వండి. చూడకుండా పాడేవాడు తన అనుమానాన్ని ధరలోంచి తగ్గించుకుంటాడు. ఇతర జిల్లాల వ్యాపారులకు కూడా కబురు చేరేటట్టు చూడండి. నలుగురూ ఒకే ఊరివారైతే కుమ్మక్కయ్యే అవకాశం ఉంది. పాటదారు నుంచి ధరావతు తీసుకొనే ఏర్పాటు ఉండాలి. ఎంచిన పద్ధతి, కనీస ధర, అందుకు కారణం పాలకవర్గ తీర్మానంగా మినిట్స్‌ పుస్తకంలో రాసి, బైలా ప్రకారం కావలసిన అనుమతి పొందిన మీదటనే అమ్మకానికి పెట్టండి. రేపు సర్వసభ్య సమావేశంలో ఎవరు అడిగినా జవాబు ఉంటుంది.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘంలో అమ్మవలసిన సామాను ఏది? దానిని కొనగలవారు ఎందరు?

2. తుక్కు ధరకు అది ఎంత చేస్తుంది?

3. ఒక్కరే పాటకు వస్తే ఏం చేయాలని ముందే తీర్మానించుకున్నామా?

మూడవ ప్రశ్నకు జవాబు దొరికేదాకా పాత కూలరును మూలనే ఉండనివ్వండి.