పెరటిలో హరితగృహం - మన ఎండకు తగిన పద్ధతి

హరితగృహం, అనగా గ్రీన్‌హౌస్, అన్న మాట వినగానే మనలో చాలామందికి అద్దాల మేడ స్ఫురిస్తుంది. 1851లో లండన్ ప్రదర్శన కొరకు జోసెఫ్ పాక్స్‌టన్ నిర్మించిన క్రిస్టల్ పాలెస్ బొమ్మను పుస్తకాలలో చూచిన వారము. 1889లో శంకుస్థాపన జరిగిన బెంగుళూరు లాల్‌బాగ్ గాజుగృహాన్ని విహారయాత్రలో కన్నులారా చూచిన వారము. ఈ చిత్రాలనే మనస్సులో నిలుపుకొని, వృక్షశాస్త్ర విద్యార్థులమైన మేము గత సంవత్సరం ఫిబ్రవరిలో కళాశాల వెనుక ఖాళీస్థలంలో ఒక చిన్న హరితగృహం కట్ట పూనుకొన్నాము. కమిటీవారు మంజూరు చేసిన సొమ్ము స్వల్పమైనది. అందులో సగం మా అజ్ఞానం వలన మొదటి నెలలోనే మట్టిపాలయినదని ఆనాడు అందరమూ అనుకొన్నాము. ఆ వృత్తాంతం దాచకుండా చెప్పుట మంచిదని తోచినది. పెరటిలో ఇటువంటి ప్రయత్నం చేయదలచిన వారికి మా పొరపాటే ఎక్కువ ఉపయోగపడవచ్చును.

మేము చేసినది ఇది. వెదురు బొంగులతో పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గల చట్రం కట్టి, నాలుగు ప్రక్కలా, పై కప్పునా పారదర్శకమైన పాలిథీన్ కాగితం బిగించి, లోపల టమాటా, మిరప నారు పోసినాము. ఇరవై రోజులు నారు చూడముచ్చటగా పెరిగినది. మార్చిలో రెండు రోజులు వరుసగా సెలవులు వచ్చినవి. తలుపు మూసి వెళ్ళినాము. తిరిగి వచ్చి తలుపు తీయగా పొయ్యి మూత తీసినట్లు వేడి ఆవిరి ముఖానికి తగిలినది. నారంతా వాడి నేలకొరిగి ఉన్నది. ఆ మధ్యాహ్నమే ప్రయోగశాల నుండి ఉష్ణమాపకం తెచ్చి చూడగా బయట నీడలో 37 డిగ్రీలు, లోపల 52 డిగ్రీలు! మా తోట చూచే మాలీ చాచా మాత్రం ఆశ్చర్యపడలేదు. "బేటా, మీరు మొక్కలకు ఇల్లు కట్టలేదు, బట్టీ కట్టినారు" అన్నాడు.

ఎందువలన ఇట్లు జరిగినది? సూర్యకాంతి పాలిథీన్ గుండా లోనికి ప్రవేశించి నేలను వేడి చేస్తుంది. ఆ నేల తనపైనున్న గాలిని వేడి చేస్తుంది. ఆరుబయట ఈ వేడిగాలి తేలికై పైకి పోగా చల్లగాలి దాని స్థానంలోనికి వస్తుంది. మూసిన గృహంలో ఆ దారి లేదు. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యూ. వుడ్ 1909లో చేసిన చిన్న ప్రయోగం వలన, అద్దాల గృహంలో వేడి నిలుచుటకు ప్రధాన కారణం గాలి కదలిక ఆగిపోవుటే అని తేలినది. చలిదేశాలలో ఈ గుణమే వరం. మన దేశంలోనే లడక్‌లో మూడు ప్రక్కల మట్టి ఇటుకల గోడలు కట్టి, దక్షిణ ముఖాన పాలిథీన్ కప్పి, గడ్డకట్టే చలికాలంలో ఆకుకూరలు పండిస్తున్నారు. అక్కడ సమస్య చలి, ఇక్కడ ఎండ. మేము లేని రోగానికి మందు వేసినాము.

దక్కను పీఠభూమిలో సామాన్యుని పెరటికి తగినది నీడవల గృహం. బజారులో దీనిని షేడ్‌నెట్ అంటారు. ఎంత కాంతిని ఆపుతుందో ఆ శాతాన్ని బట్టి 35, 50, 75, 90 అని అమ్ముతారు. ఆకుకూరలకు, వేసవి నారుకు 50 శాతం వల చాలును. నీడ ఎక్కువైతే మేలని 75 శాతం కొంటే నారు కాంతి కొరకు సాగి, సన్నబడి, పడిపోతుంది. అది ఫెర్నులకు, ఆర్కిడ్లకు తగినది. ఎండకు తట్టుకొను విధంగా, అనగా అతినీలలోహిత కిరణాలకు చెడకుండ తయారైన వలయేనా అని అడిగి తీసికొనవలెను. ఈ ఒక్కచోట చౌక బేరం పనికిరాదు.

వల ఎంత కావలెను? నాలుగు ప్రక్కలకు, కప్పుకు కలిపి లెక్కిస్తే మా చట్రానికి సుమారు నలభై చదరపు మీటర్లు అవసరమైనది. అంత సొమ్ము మిగలలేదు. అప్పుడు భూగోళశాస్త్రం చదివే మిత్రుడొకడు ఒక సంగతి జ్ఞాపకం చేసినాడు. హైదరాబాదు ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు. మే రెండవ వారం నుండి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్న సూర్యుడు మనకు నడినెత్తిన, లేదా కొంచెం ఉత్తరానికి ఉంటాడు. దక్షిణపు ఎండ అన్నదే అప్పుడు లేదు. మార్చి, ఏప్రిల్ మాసాలలో సైతం సూర్యుడు బాగా ఎత్తున ఉంటాడు గనుక కప్పుమీది వలయే చాలావరకు కాపాడుతుంది. తూర్పు నుండి వచ్చే ఉదయపు ఎండ మొక్కకు మేలైనది. ఇక మిగిలినది సాయంత్రపు పడమటి ఎండ, అదే గట్టిది. కనుక కప్పుకు, పడమటి ప్రక్కకు వల కప్పితే చాలునని నిశ్చయించినాము. మూడు మీటర్ల పన్నా గల వల దొరుకుతుంది. అది మా పదడుగుల వెడల్పుకు సరిపోయినది. పన్నెండడుగుల కప్పు, ఏడడుగుల పడమటి గోడ, మట్టిలో పూడ్చుటకు ఒక అడుగు, వెరసి ఇరవై అడుగుల ఒకే ముక్క. కోత లేదు, కుట్టు లేదు. నలభై చదరపు మీటర్లకు బదులు పదునెనిమిదితో పని ముగిసినది. వల కంటె వెదురుకే ఎక్కువ ఖర్చయినది. బొంగుల అడుగుభాగానికి తారు పూసి ఒకటిన్నర అడుగు లోతున పాతినాము. స్థోమత గలవారు పాత ఇనుప సామాను దుకాణంలో గొట్టాలు వెదకి తెచ్చుకొంటే చాలాకాలం మన్నుతవి. మేకలు రాకుండ మిగిలిన మూడు ప్రక్కలా ముళ్ళకంప కట్టినాము. చూపులకు అంత అందంగా లేదని ఒప్పుకొనవలెను.

ఏప్రిల్ మొదట కొత్తిమీర చల్లినాము. ధనియాలను మెల్లగా రెండు బద్దలయ్యేటట్లు నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లవలెను. ఆరుబయట వేసిన మడిలో పదింట రెండో మూడో మొలిచి, అవియు త్వరలోనే పూతకు వచ్చినవి. వల క్రింద మడి దట్టంగా మొలిచినది. నీడవల గాలిని అంతగా చల్లబరచదు, రెండు మూడు డిగ్రీల తేడా మాత్రమే. కాని నేల కాలదు, ఆకు మాడదు. ఉర్దూ విభాగం మిత్రులు "కోత్మీర్" అని, మేము కొత్తిమీర అని పిలిచే ఆ ఆకు మే నెలలో బజారులో ఎంత ప్రియమో గృహిణులకు చెప్పనక్కరలేదు. మా కట్టలు వసతిగృహం వంటశాలకు చేరినవి.

మే చివర ఈదురుగాలికి వల ఒక మూల లేచిపోయినది. తాడుతో గట్టిగా బిగించుటే తప్పు. కొంత సాగుదల గల కట్టు కట్టవలెను. సైకిలు ట్యూబు ముక్కలు ఇందుకు బాగా పనికివచ్చినవి.

అటకపై పడవేసిన పాలిథీన్ కాగితానికి జూలైలో పని దొరికినది. జోరువాన చినుకులకు లేత నారు నేలకు కరచుకొని కుళ్ళిపోతుంది. వల తీసి, వాలు ఉండునట్లు ఒక ప్రక్క బొంగులను ఎత్తి, పాలిథీన్‌ను కప్పుకు మాత్రమే కట్టి, నాలుగు ప్రక్కలా గాలికి వదలినాము. మార్చిలో నారును చంపిన కాగితమే జూలైలో దానిని కాచినది.

నీటి విషయం ఇంకను తీరలేదు. వేసవిలో రోజుకు రెండు పూటలా ప్రయోగశాల నుండి బకెట్లతో మోయవలసి వచ్చినది. పరీక్షల వారంలో ఆ భారమంతా మాలీ చాచా ఒక్కడే వహించినాడు. వెనుక గోడవరకు ఒక కొళాయి గొట్టం వేయించుటకు కమిటీవారికి విన్నపం సమర్పించి ఉన్నాము. ఈ సంవత్సరం ధనియాలు మార్చి ఆఖరి వారంలోనే చల్లదలచినాము, అంతకు ముందే కొళాయి రాగలిగితే మరొక మడి కూడ వేయగలము.