ఇంటివద్ద కాఫీ గింజలు వేయించుట: కొత్తవారికి సూచనలు

కాఫీ మన డెల్టా భూములలో పండు పంట కాదు. దానికి ఎత్తైన కొండవాలు, చెట్ల నీడ, చల్లని గాలి కావలెను. మన రాష్ట్రమున కాఫీ మొక్క 1898లో తూర్పు గోదావరి మన్యములోని పాములేరు లోయలో మొదట నాటబడినదని చెప్పుదురు. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతముల గిరిజన రైతులు దీనిని పండించుచున్నారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ గింజలను పచ్చివిగా తెచ్చుకొని ఇంటివద్దనే వేయించుకొనవలెనని ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములవారు, కొల్లేటి లంక గ్రామములవారు కొందరు ఉత్సాహపడుచున్నారు. ఈ ఉత్సాహము మంచిదే. కాని వారు ముందుగా అడుగునది, "ఏ యంత్రము కొనవలెను?" అని. మన ప్రాంతమున కాఫీ చెడుట యంత్రము లేకపోవుటవలన కాదు. తేమవలన, చల్లార్చుటలో ఆలస్యమువలన, పరాయి వాసనవలన. ఈ మూడింటిని అదుపులో పెట్టలేనివారికి ఖరీదైన యంత్రమువలన కూడ మేలు కలుగదు. కావున అప్పు తెచ్చి యంత్రము కొనుటకు ముందు, ఇంట ఉన్న మూకుడుతోనే పని నేర్చుకొనుట తెలివి.

గింజల ఎంపిక

కొనుగోలు కేంద్రములో ధాన్యమునకు తేమ 17 శాతము మించరాదని రైతులకు తెలియును. కాఫీ పచ్చిగింజకు తేమ 10 నుండి 12 శాతము లోపుననే ఉండవలెను. బాగుగా ఎండిన గింజ పంటికి గట్టిగా తగులును. నొక్కులు పడినచో తేమ ఎక్కువ ఉన్నదని గుర్తు. కడిగి ఎండబెట్టిన అరబికా గింజ నీలము కలిసిన ఆకుపచ్చగా ఉండును. తెల్లబారినది పాతది.

బూజు వాసనగల గింజను తీసుకొనరాదు. వేయించినంత మాత్రమున బూజువలన కలుగు విషము పూర్తిగా నశించదు. చిన్న రంధ్రములున్న గింజలను కూడ ఏరివేయవలెను. కాయతొలుచు పురుగు 2025లో అరకు ప్రాంతమున కనబడినది.

మొదట ఒక కిలోకు మించి కొనవద్దు. వానకాలములో కొల్లేటి గాలికి పచ్చిగింజ కూడ తేమ పీల్చును. కావున మూత బిగువైన డబ్బాలో ఉంచి, ఎండుచేపలకు, చేపల మేత బస్తాలకు, కిరోసినుకు దూరముగా పెట్టవలెను. కాఫీకి పరాయి వాసనలను పట్టుకొను గుణము కలదు.

పాత్ర

మందమైన ఇనుప మూకుడు గాని, పేలాలు వేయించు మంగలము గాని చాలును. పొడవైన చెక్క తెడ్డు, జల్లెడ, చేట, చిన్న త్రాసు, గడియారము సిద్ధము చేసుకొనవలెను. కొంత అనుభవము వచ్చిన పిమ్మట చేతితో త్రిప్పు ఇనుప పీపాను పట్టణములోని పనివానిచేత చేయించుకొనవచ్చును. పీపాలో గింజలను ఎగురవేయుటకు లోపల రెండు మూడు రేకు పలకలు ఉండవలెను. గింజ మూడవ వంతుకు మించి పోయరాదు. జింకు పూత పూసిన రేకు వాడరాదు. మిక్కిలి వేడికి దానినుండి హానికరమైన పొగ వచ్చును. పురుగుమందు, రంగు, నూనె డబ్బాలను ఎంత కడిగినను ఈ పనికి వాడరాదు.

వేయించు విధము

ఒకమారు 100 గ్రాములు చాలును. మూకుడును మధ్యరకపు సెగపై వేడిచేసి, గింజలు పోసి, తెడ్డుతో ఆపకుండ కలుపవలెను. నాలుగైదు నిమిషములకు గింజ పసుపురంగు తిరిగి ఎండుగడ్డి వాసన వచ్చును. తరువాత గోధుమరంగు వచ్చి, సుమారు 8 నుండి 10 నిమిషముల మధ్య పేలాలు పేలినట్లు చిటపట శబ్దము వినవచ్చును. ఇది మొదటి పేలుడు. అప్పుడు సెగ తగ్గించవలెను. పాలు కలుపుకొను ఫిల్టరు కాఫీకి దీని తరువాత రెండు మూడు నిమిషములు వేయించిన చాలును. సన్నని శబ్దముతో రెండవ పేలుడు మొదలై, గింజపై నూనె తేలుచున్నచో ఇక ఆలస్యము చేయరాదు. దానిని దాటినచో మిగులునది చేదు, బొగ్గు వాసన మాత్రమే.

మొదటి పేలుడు ఆరు నిమిషముల లోపుననే వచ్చినచో సెగ ఎక్కువైనదని గ్రహించవలెను. పైభాగము మాడి, లోపల పచ్చిగా ఉండును. పదునైదు నిమిషములైనను రానిచో సెగ చాలలేదు. కాఫీ చప్పగా ఉండును. ఒక గింజను విరిచి లోపలి రంగు, వెలుపలి రంగు పోల్చి చూచుట మంచి పరీక్ష.

పొగ, పొట్టు ఎక్కువగా వచ్చును గనుక ఈ పని ఆరుబయట చేయుట మేలు. తాటాకు పాకలో చేయరాదు. పొట్టు అంటుకొన్నచో నీరు చల్లక, మూతపెట్టి మంట ఆర్పవలెను.

చల్లార్చుట

ఈ వ్యాసరచయిత తొలిసారి గింజలు వేయించినపుడు రంగు సరిగా ఉన్నదని సంతోషించి, పొయ్యి ఆర్పి, గింజలను మూకుడులోనే వదలి వేరొక పని చూచుకొన్నాడు. తిరిగి వచ్చునప్పటికి అవి నల్లబడియుండెను. మంట ఆరినను ఇనుము వేడి ఆరదు. గింజ కూడ తనలోని వేడితోనే ఇంకను వేగుచుండును. కావున అనుకొన్న రంగుకు కొంచెము ముందే దింపి, వెంటనే జల్లెడలో పోసి, విసనకఱ్ఱతో విసరుచు కదలించవలెను. నాలుగైదు నిమిషములలో చేతితో తాకగలుగునట్లు చల్లబడవలెను. నీరు చల్లరాదు. పిదప చేటతో చెరిగి పొట్టు తీయవలెను.

నిలువ, మిశ్రమము

వేయించిన గింజనుండి ఒక దినము వరకు వాయువు ఎక్కువగా వెలువడును. అంతవరకు డబ్బా మూత వదులుగా ఉంచి, మరునాడు బిగించవలెను. గింజగా మూడు వారములు, పొడిగా వారము పది దినములు మంచి రుచి నిలుచును. కావున వానకాలములో ఏ వారమునకు కావలసినది ఆ వారమే పొడి చేసుకొనుట ఉత్తమము. చికోరీ పొడి తేమను మరింత త్వరగా పీల్చి గడ్డకట్టును. కలుపదలచినవారు ఎప్పటికప్పుడు కలుపుకొనవలెను.

లెక్క

100 గ్రాముల పచ్చిగింజ వేయించగా సుమారు 84 గ్రాములు మిగులును. ఉదాహరణకు పచ్చిగింజ కిలో 500 రూపాయలనుకొన్నచో, వేయించిన గింజ కిలోకు 595 రూపాయలు పడును. వంటచెఱకు లేక గ్యాసు, శ్రమ, మాడి పారవేసినది దీనికి అదనము. ఈ తరుగు లెక్క వేయక ధర నిర్ణయించిన మహిళా సంఘము మొదటి నెలలోనే నష్టపోవును.

ఒక పుస్తకములో తేది, తూకము, పసుపురంగు తిరిగిన సమయము, మొదటి పేలుడు, దింపిన సమయము, త్రాగిన పిమ్మట రుచి వ్రాసియుంచవలెను. ఒక్కొక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. అప్పుడే తప్పు ఎక్కడ జరిగినదో తెలియును.

అమ్మదలచినవారు ఆహార భద్రతా చట్టము క్రింద తమ పేరు నమోదు చేసుకొనవలెను. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతమునకు తగ్గరాదు. రెండింటి పాళ్ళు పొట్లముపై ముద్రించవలెను. మరింత నేర్చుకొనగోరువారికి బెంగుళూరులోని కాఫీ బోర్డు "కాపీ శాస్త్ర" పేర శిక్షణ ఇచ్చుచున్నది.

వరుసగా పదిమార్లు ఒకే రంగు, ఒకే రుచి వచ్చువరకు మూకుడును విడువవద్దు. అది సాధించిన దినముననే యంత్రమును గురించి ఆలోచింపవచ్చును. ఈలోగా మాడునది నూరు గ్రాముల గింజయే గాని ఇంటి సొమ్ము కాదు.